మైక్రోబయాలజీ ఇంటర్నల్‌లో తప్పాను. పేర్లు గుర్తుండట్లేదు, ఎలా చదవాలి?

మూడోసెమ్_చిన్ని · ఆదివారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. బీఎస్సీ నర్సింగ్ మూడో సెమిస్టర్ చదువుతున్నాను. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియం. అనాటమీ, ఫిజియాలజీ ఎలాగోలా గట్టెక్కాను. మైక్రోబయాలజీ మాత్రం బుర్రకెక్కట్లేదు. మొన్న ఇంటర్నల్‌లో 25కి 8 వచ్చాయి. స్టెఫైలోకాకస్ రాయాల్సిన చోట స్ట్రెప్టోకాకస్ రాశాను. ప్రాక్టికల్లో స్లైడు చూపించి "ఏం కనబడుతోంది?" అంటే "ఎర్ర చుక్కలు మేడమ్" అన్నాను. క్లాసంతా నవ్వారు.

రాత్రి ఒంటిగంట దాకా బట్టీ పడతాను, పొద్దున లేచేసరికి అంతా ఖాళీ. అయినా ఇదంతా వార్డులో ఎక్కడ పనికొస్తుంది? మందు డాక్టరు రాస్తారు, రిపోర్టు ల్యాబ్ వాళ్లు ఇస్తారు. మధ్యలో నాకెందుకు ఇవన్నీ? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

ల్యాబ్_కోటి · ఆదివారం రాత్రి 11:20

చెల్లెమ్మా, ముందు ఆ ఎర్ర చుక్కల సంగతి. నువ్వు చెప్పింది పూర్తిగా తప్పేం కాదు, సగం జవాబు. రంగు చెప్పావు, గుండ్రంగా ఉన్నాయన్నావు. గుత్తిగా ఉన్నాయా దండలా ఉన్నాయా అన్నది చెప్పలేదు, అంతే. గ్రీకులో 'స్టెఫైలే' అంటే ద్రాక్షగుత్తి. 'స్ట్రెప్టోస్' అంటే మెలితిరిగినది, గొలుసులాంటిది. 'కాకస్' అంటే గింజ. గుత్తిగా ఉన్న గింజలు, గొలుసుగా ఉన్న గింజలు. ఆ పేర్లు పెట్టినవాళ్లు మైక్రోస్కోపులో చూసిందే పేరుగా పెట్టారు. మనకు గ్రీకు రాదు కాబట్టి మంత్రాల్లా అనిపిస్తాయి.

ఇంకో అనుమానం. ఆ స్లైడు స్టెఫైలోకాకస్‌దే అయితే ఊదాగా కనబడాలి, ఎర్రగా కాదు. గ్రామ్ స్టెయిన్ (క్రిములకు రంగు వేసి, ఊదాగా కనబడేవి పాజిటివ్, ఎర్రగా కనబడేవి నెగెటివ్ అని విడదీసే పద్ధతి) మీరే చేశారా, చేసి పెట్టింది చూశారా?

మూడోసెమ్_చిన్ని · ఆదివారం రాత్రి 11:31

మేమే చేశాం అన్నా. ముగ్గురికి ఒక స్లైడు. అసిటోన్ పోసింది నేనే. అన్నీ నిమిషం నిమిషం అన్నారు కదా అని అది కూడా నిమిషం లెక్కపెట్టాను.

ల్యాబ్_కోటి · ఆదివారం రాత్రి 11:48

దొరికాడు దొంగ. క్రిస్టల్ వయొలెట్ నిమిషం, అయోడిన్ నిమిషం, చివర్లో సాఫ్రనిన్ (ఎర్ర రంగు) ఓ నిమిషం. కానీ అసిటోన్ రెండు మూడు సెకన్లే. పొయ్యడం, వెంటనే నీళ్లతో కడగడం. ఆల్కహాల్ వాడితే ఇంకొన్ని సెకన్లు పట్టొచ్చు, ఊదా రంగు కారడం ఆగగానే ఆపెయ్యాలి. నువ్వు నిమిషం పోశావు కాబట్టి పాజిటివ్ క్రిమి కూడా రంగంతా వదిలేసి, సాఫ్రనిన్ పట్టుకుని నెగెటివ్ వేషం వేసింది.

ఎందుకలా అంటావా. తెల్ల కాటన్ చొక్కా మీద పప్పుచారు ఒలికిందనుకో, పసుపు మరక ఓ పట్టాన పోదు. అదే పాలిస్టర్ మీద పడితే కాస్త సబ్బుకే పోతుంది. గ్రామ్ పాజిటివ్‌ల గోడలో పెప్టిడోగ్లైకాన్ మందంగా ఉంటుంది. వయొలెట్, అయోడిన్ కలిసి లోపల పెద్ద ముద్ద కడతాయి. అసిటోన్ తగలగానే ఆ మందపు గోడ నీరు కోల్పోయి బిగుసుకుంటుంది, ముద్ద బయటికి రాలేదు. నెగెటివ్‌లకు ఆ గోడ పల్చన, పైన కొవ్వు పొర ఒకటి. అసిటోన్ కొవ్వును కరిగించేస్తుంది, రంగు కారిపోతుంది. కాటన్ చొక్కానైనా నిమిషంసేపు అసిటోన్లో నానబెడితే ఏమవుతుంది? అదే నీ స్లైడు.

గ్రామ్ అనేది మనిషి పేరు. తూకం గ్రాములు కాదు (నేను మొదటి సంవత్సరం అదే అనుకున్నాను, నవ్వొద్దు). డెన్మార్క్ డాక్టరు. 1884లో బెర్లిన్‌లో, న్యుమోనియాతో పోయినవాళ్ల ఊపిరితిత్తుల ముక్కల్లో క్రిములు విడిగా కనబడాలని చేసిన ఉపాయం ఇది. రేపు మీ మేడమ్‌తో చెప్పు, ఎర్ర చుక్కలు ఎందుకొచ్చాయో నాకు తెలుసు అని.

పెట్రీప్లేటు · సోమవారం ఉదయం 6:40

నేను నర్సింగ్ కాలేజీలో ఈ సబ్జెక్టే చెబుతాను. పిల్లలు తప్పడంలో మా తప్పు కూడా ఉంది. పుస్తకం జీవి పేరుతో మొదలవుతుంది. ఆకారం, పెంపకం, బయోకెమికల్ పరీక్షలు, జబ్బు, నిర్ధారణ, వైద్యం. మేమూ అదే వరసలో చెప్పేస్తాం. కానీ రోగి జీవి పేరు చెప్పుకుంటూ రాడు కదా. మూత్రంలో మంట అంటూ వస్తాడు. మూడు వారాల నుంచి దగ్గు అంటూ వస్తాడు.

అందుకే చిన్నీ, కొత్త నోట్సు పెట్టి పేజీకి ఒక శాంపిల్ పేరు రాసుకో. మూత్రం, రక్తం, కఫం, చీము, మలం, వెన్ను నీరు. ఏడో పేజీ ఉండదు పో. మూత్రం పేజీలో ఎవరొస్తారు? ముందు ఈ.కోలై, తర్వాత క్లెబ్సియెల్లా, ప్రోటియస్, ఎంటరోకాకస్, క్యాథెటర్ ఉన్నవాళ్లయితే సూడోమోనాస్. ఇప్పుడు వాళ్లను మెకాంకీ అగార్ (క్రిములను పెంచే జెల్లీ ప్లేటు) మీద వేసి చూడు. ఈ.కోలై లాక్టోజ్ (పాలలోని చక్కెర) తింటుంది, గులాబీ చుక్కలు. క్లెబ్సియెల్లా కూడా గులాబీయే, కానీ బెండకాయ జిగురులా సాగుతుంది. ప్రోటియస్ లాక్టోజ్ జోలికి పోదు, రంగు లేకుండా ఉంటుంది. బ్లడ్ అగార్ మీద మాత్రం చెరువులో రాయి వేసినట్టు వలయాలు వలయాలుగా ప్లేటంతా పాకేస్తుంది. సూడోమోనాస్ ప్లేటు ఆకుపచ్చగా మారుతుంది, పండు వాసన వస్తుంది. (వాసన వస్తుందన్నాను కదా అని మూత తీసి పీల్చకండి. మా రోజుల్లో పీల్చేవాళ్లం, ఇప్పుడది తప్పు.)

ఇలా ఒక్కసారి ప్లేట్లు కళ్లతో చూశాక బట్టీ అక్కర్లేదు. మీ కాలేజీలో ప్లేట్లు లేకపోతే అనుబంధ ఆసుపత్రి ల్యాబ్‌కు ఒక్క పూట పంపమని అడగండి. పదిమంది కలిసి అడిగితే పంపుతారు.

ఇంకోటి. మీ పేపరు పేరే చూడు: 'అప్లైడ్ మైక్రోబయాలజీ అండ్ ఇన్ఫెక్షన్ కంట్రోల్ ఇంక్లూడింగ్ సేఫ్టీ'. నర్సింగ్ కౌన్సిల్ సెమిస్టర్ సిలబస్ తెచ్చినప్పుడు ఊరికే పెట్టలేదు ఆ పేరు. మార్కులు కూడా అటువైపే ఎక్కువ దొరుకుతాయి.

నైట్‌డ్యూటీ_అక్క · సోమవారం మధ్యాహ్నం 2:15

"మధ్యలో నాకెందుకు" అన్నావు కదమ్మా, దానికి నేను జవాబు చెబుతాను. ఐసీయూలో 14 ఏళ్ల నుంచి చేస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం, పేరు చెప్పను, ఒక ప్రైవేటు ఆసుపత్రి పిల్లల వార్డు. రాత్రి రెండు గంటలకు నాలుగేళ్ల బాబుకి వెన్ను నీరు తీశారు, మెదడువాపు అనుమానం. ల్యాబ్‌లో ఎవరూ లేరు, పొద్దున ఏడింటికి వస్తారు. పాడవకుండా ఉంటుందని ఆ ట్యూబు తీసుకెళ్లి ఇన్సులిన్ పక్కన ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంట్లో పాలు పెట్టినట్టు. పొద్దున టెక్నీషియన్ ఆ ట్యూబు పట్టుకుని చల్లగా ఉందేంటని అడిగాడు.

మెనింగోకాకస్, హీమోఫిలస్ లాంటివి చలికి చచ్చిపోతాయి. వెన్ను నీరు కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు) వెళ్లేదైతే ఫ్రిజ్‌లో పెట్టకూడదు. గది వేడిలోనే ఉంచి వెంటనే పంపాలి, కుదరకపోతే ఇంక్యుబేటర్లో. నేను చదువుకున్న పుస్తకంలో ఆ వాక్యం ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ రాత్రి మాత్రం గుర్తు రాలేదు.

కల్చర్‌లో ఏమీ పెరగలేదు. మళ్లీ సూది వేశారు. అప్పటికే యాంటీబయాటిక్ ఎక్కింది కాబట్టి రెండోసారీ ఏమీ రాలేదు. బాబు బాగయ్యి ఇంటికెళ్లాడు, అదృష్టం. కానీ ఏ క్రిమో తెలియకుండానే, ఊహ మీద మందులు నడిపారు. రెండోసారి సూది వేస్తున్నప్పుడు వాళ్లమ్మ తలుపు బయట నిలబడి ఉంది. ఇంకోసారి ఎందుకు అని నన్నే అడిగింది. నేను చెప్పలేదు.

మూత్రమైతే ఉల్టా. రెండు గంటల్లో పంపలేకపోతే ఫ్రిజ్‌లోనే పెట్టాలి, లేకపోతే ఉన్న నాలుగు క్రిములు నాలుగు లక్షలవుతాయి. బ్లడ్ కల్చర్ సీసాలు మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకూడదు. డాక్టరు చేతికీ ల్యాబ్ చేతికీ మధ్య ఆ సీసా ఉండేది మన చేతిలో.

ల్యాబ్_కోటి · సోమవారం సాయంత్రం 5:05

అక్కా, దండం మీకు. ఇది చెప్పుకునే ధైర్యం అందరికీ ఉండదు.

అయితే నా గోడు కూడా వినండి. రోజూ వచ్చే కఫం డబ్బాల్లో సగం ఉమ్మే. లో పవర్‌లో చూస్తే ఫీల్డుకు 10 మించి ఎపితీలియల్ కణాలు (నోటి లోపలి పొరవి) కనబడతాయి, చీము కణాలు 25 ఉండాల్సిన చోట నాలుగుంటాయి. నోట్లోంచి వచ్చింది అని చెప్పడానికి ఇంకేం కావాలి? దాన్ని కల్చర్ చేస్తే నోట్లో ఉండేవన్నీ పెరుగుతాయి. యూరిన్ యూరోబ్యాగ్ కుళాయి తిప్పి పట్టి పంపుతారు. ఆ బ్యాగులో నిన్నటి మూత్రం కూడా ఉంటుంది. క్యాథెటర్ గొట్టానికి క్లాంపు వేసి, పోర్టును స్పిరిట్‌తో తుడిచి, సిరంజితో తీయాలని ఎన్నిసార్లు చెప్పినా అంతే. లేబుల్ మీద పేరుంటుంది, టైము ఉండదు. నర్సులు చదువుకునేటప్పుడు ఇవి ఎవరూ చెప్పరా అని విసుగొస్తుంది.

నైట్‌డ్యూటీ_అక్క · సోమవారం సాయంత్రం 6:30

చెబుతారు తమ్ముడూ. రాత్రి 30 పడకలకు ఇద్దరం ఉంటే ఏది ఎంతవరకు జరుగుతుందో కూడా ఎవరైనా చెబితే బాగుండు. శాంపిల్ పనికిరాదని మీకు పదింటికి తెలుస్తుంది. మాకు ఫోన్ రాదు. సాయంత్రం రౌండ్స్‌లో డాక్టరు రిపోర్టేదని అరిచినప్పుడు సిస్టమ్‌లో చూస్తే 'రిజెక్టెడ్' అని ఉంటుంది. అప్పటికి రోగికి మందు రెండు డోసులు పడిపోయి ఉంటాయి. ఆ ఫోనేదో పదింటికే చేస్తే?

ల్యాబ్_కోటి · సోమవారం సాయంత్రం 6:44

ఆ మాట నిజమే. మా దగ్గర కూడా ఫోన్ చెయ్యరు, నేనూ చెయ్యను. రేపటి నుంచి చేస్తాను, మీ మీద ఒట్టు.

ఓరుగల్లు_పోరడు · సోమవారం రాత్రి 9:10

నేను డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా). చిన్నీ, మాకైతే ఇమ్‌విక్ (క్రిమిని గుర్తుపట్టే నాలుగు రసాయన పరీక్షలు) తప్పదు: ఈ.కోలైకి ప్లస్ ప్లస్ మైనస్ మైనస్, క్లెబ్సియెల్లాకు మైనస్ మైనస్ ప్లస్ ప్లస్. ఒకటి నేర్చుకుని తిప్పేస్తే రెండోది వచ్చేసినట్టే. మీకు అంత లోతు అక్కర్లేదనుకుంటా.

టైఫాయిడ్‌కు 'బాసు' అని గుర్తుపెట్టుకో. మొదటి వారం బ్లడ్ కల్చర్, రెండో వారం యాంటీబాడీ అంటే విడాల్, మూడో వారం స్టూల్, నాలుగో వారం యూరిన్. మా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి జ్వరమొచ్చిన రెండో రోజు పోతే విడాల్ చేసి "టైఫాయిడ్ ఉంది" అంటడు. రెండో రోజుకు యాంటీబాడీలు ఎట్ల వస్తయి? పాత జ్వరానివో టీకావో అయి ఉంటయి. ఒక్క విడాల్ చూసి టైఫాయిడ్ అనొద్దని మా సార్ కర్ర పట్టుకుని చెప్పిండు. మా అమ్మకు చెప్తే మాత్రం "నువ్వు డాక్టర్‌వా?" అంది.

సూది గుచ్చుకుంటే 30, 3, 0.3. హెపటైటిస్ బి టీకా లేనివాళ్లకు వందలో 30 దాకా, సి అయితే 3 దాకా, హెచ్ఐవీ అయితే 0.3. మూడే గుర్తుపెట్టుకుని పాయింటు జరుపుతూ పో. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు క్లినికల్స్‌కు పోకముందే వేయించుకో. గుచ్చుకుంటే మాత్రం పిసకొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే చెప్పాలె. హెచ్ఐవీ మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే దండగ. 28 రోజులు వాడాలె.

గోదారి_హెల్త్ · మంగళవారం ఉదయం 5:30

హెల్త్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. మా గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎక్కువ. రక్తం తీయడానికి మేం పగలు వెళ్లేవాళ్లం కాదు. రాత్రి పది దాటాక, రెండు లోపు. ఊరంతా నిద్రపోతుంటే తలుపులు కొట్టడం, కుక్కలు వెంటపడటం. ఒకాయన పగలు రాకూడదా, దొంగల్లా ఏంటి అని కర్ర తీశాడు. మైక్రోఫైలేరియా (బోదకాలు పురుగు పిల్లలు) పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, దోమ కుట్టే రాత్రివేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తుంది. పగలు తీస్తే స్లైడు శుభ్రంగా ఉంటుంది, మనిషికి జబ్బు ఉంటుంది. ఈ సంగతి పుస్తకంలో 'నాక్టర్నల్ పీరియాడిసిటీ' అని రెండు మాటల్లో ఉంటుంది. నాకు మాత్రం ఆ కుక్కలతో సహా గుర్తు.

వాళ్లకు పంచిన డీఈసీ మాత్ర ఉంది చూశారూ, అది అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తెచ్చింది. ఆయన పుట్టింది 1895లో భీమవరంలో. 1948లో వచ్చిన ఆరియోమైసిన్, అదే మొదటి టెట్రాసైక్లిన్, అదీ ఆయన నడిపిన పరిశోధనలోనే వచ్చింది. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది 1897లో సికింద్రాబాద్‌లో. మీ సబ్జెక్టు మరీ పరాయిదేం కాదమ్మా.

లీడ్స్‌లో_లక్ష్మి · మంగళవారం మధ్యాహ్నం 1:20

గుంటూరులో జీఎన్‌ఎం చేసి ఇప్పుడు యూకేలో ఉన్నాను. ఇక్కడి ప్రాక్టికల్ పరీక్షకు తయారవుతున్నప్పుడు నాకు తగిలిన దెబ్బ మందుల పేర్లు కాదు, చేతులు. మోచేతి కింద వాచీ లేదు, గాజు లేదు, రాయి ఉన్న ఉంగరం లేదు. శుభ్రం చేసిన చర్మాన్ని మళ్లీ వేలితో తడమకూడదు. నాకేమో నరం దొరికిందో లేదో అని ఇంకోసారి తడమడం అలవాటు. చేతిని అద్దంలో చూసుకుంటూ అలవాటు మాన్పించుకున్నాను.

బ్లడ్ కల్చర్ మీద ఒక్క మాట, మీ క్లాసులో ఇది తప్పక అడుగుతారు. యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే తీయాలి. చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ రాసి ఆరనివ్వాలి. తడి మీద సూది వేస్తే రాసినట్టే కాదు. సీసా మూత తీసేశాక కనిపించే రబ్బరు కూడా తుడవాలి, చాలామంది అది శుభ్రంగానే వస్తుందనుకుంటారు. పెద్దవాళ్లకు సీసాకు 8 నుంచి 10 మి.లీ., రెండు వేర్వేరు చోట్ల నుంచి. ఒక్కచోట తీసినదాంట్లోనే చర్మం మీది స్టెఫైలోకాకస్ వస్తే అది మన చేతి పనే కావచ్చు. రెండు చోట్లా అదే వస్తే నిజంగా రక్తంలో ఉందని అనుమానించాలి. ఒక్కచోటే తీస్తే ఏదో తేల్చలేక, అవసరం లేని వాంకోమైసిన్ ఎక్కిస్తారు.

పెట్రీప్లేటు · మంగళవారం రాత్రి 8:00

లక్ష్మిగారు చెప్పింది పరీక్షలో ఎలా రాయాలో అలాగే ఉంది. ఎత్తి రాసుకో చిన్నీ.

సెన్సిటివిటీ ప్లేటు (క్రిమి ఏ మందుకు లొంగుతుందో చూసేది) గురించి ఒక పొరపాటు ప్రతి బ్యాచ్‌లో చూస్తాను. ముల్లర్ హింటన్ అగార్ మీద మందు అద్దిన కాగితం బిళ్లలు పెడతాం, చుట్టూ క్రిములు పెరగని వలయం వస్తుంది. పెద్ద వలయం వచ్చిన మందే గట్టి మందు అని రాస్తారు. కాదు. ఒక్కో మందు అగార్‌లో ఒక్కోలా పాకుతుంది, అందుకే ఒక్కోదానికి వేరే కొలత. 18 మి.మీ. ఒక మందుకు పాస్ అయితే ఇంకోదానికి ఫెయిల్ కావచ్చు. పట్టిక చూడకుండా వలయాలు పోల్చొద్దు.

మూడోసెమ్_చిన్ని · శనివారం రాత్రి 9:35

అందరికీ థాంక్స్, ఈ వారం సమయం దొరకలేదు. కోటన్న చెప్పినట్టు మేడమ్‌తో అసిటోన్ సంగతి చెప్పాను. ఆవిడ ఆగి నన్ను చూసి, బోర్డు దగ్గరికి పిలిచి క్లాసుకు చెప్పమన్నారు. పప్పుచారు చొక్కా చెప్పాను. ఈసారి కూడా నవ్వారు, వేరేలా.

అసలు చెప్పాలనుకున్నది వేరే. నిన్న మా పోస్టింగ్‌లో ఒక పెద్దావిడకు కఫం డబ్బా ఇచ్చారు, నెల రోజులుగా దగ్గట. అంతకుముందు ఒకసారి ఇచ్చిందాన్ని ల్యాబ్ వాళ్లు తిప్పి పంపారు. స్టాఫ్ "కఫం పట్టమ్మా" అన్నారు, ఆవిడ తలూపింది. నాకు అనుమానం వచ్చి కఫం అంటే ఏంటనుకుంటున్నావ్ అవ్వా అంటే, ఉమ్మే కదా అంది. "తెమడ అవ్వా, గుండెల్లోంచి దగ్గితే వచ్చే చిక్కటిది" అన్నాను. "అట్ల చెప్పరాదు మరి!" అంది. నోరు నీళ్లతో పుక్కిలించమని, గట్టిగా రెండుసార్లు ఊపిరి పీల్చి దగ్గమని చెప్పాను. బయట గాలి తగిలే చోట కూర్చోబెట్టి, నేను ఎదురుగా కాకుండా పక్కన నిలబడ్డాను, ఎన్95 పెట్టుకునే. ఈరోజు పొద్దున లేవగానే ఇంకో డబ్బా పట్టించాను. రెండింటి మీదా పేరు, తేదీ, టైము అన్నీ రాశాను.

ల్యాబ్_కోటి · శనివారం రాత్రి 9:50

శభాష్ చెల్లెమ్మా. కఫం మనకు మాట, వాళ్లకు తెమడ. మా వైపు గళ్ల అంటారు. స్మియర్ చూశారా? ఏమొచ్చింది?

మూడోసెమ్_చిన్ని · శనివారం రాత్రి 9:58

మధ్యాహ్నం ల్యాబ్‌కి వెళ్లి అడిగాను అన్నా. జీల్ నీల్సన్ (టీబీ క్రిములు ఎర్రగా కనబడేలా రంగు వేసే పద్ధతి) చేశారు. మైక్రోస్కోపులో నన్ను కూడా చూడనిచ్చారు. నీలం మీద సన్నటి ఎర్ర గీతలు, ఫీల్డుకు ఆరేడు. 2+ అన్నారు, అంటే టీబీ క్రిములు ఉన్నట్టే. రేపు అవ్వ వాళ్లింట్లో ఉన్న మనవళ్ల పేర్లు రాసుకోవాలట, టీబీ యూనిట్ వాళ్లు వస్తారు. ఐదేళ్ల లోపు పాప ఒకరు ఉన్నారని అవ్వ చెప్పింది.